లేబరు లైను పిల్లలు

గంగాభవాని టీచరుగా చేరేనాటికి మల్కాపురంలోని ఆ ఎలిమెంటరీ స్కూలుకు ఉన్నది ఒక గది, ఒక వరండా. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ టీచరు ఆమె ఒక్కతే. రిఫైనరీలో, పోర్టులో కాస్త మంచి ఉద్యోగాలున్నవాళ్లు పిల్లల్ని ఊళ్లో పెద్ద బళ్లకు పంపేవారు. కలాసీల పిల్లలు, చేపలమ్ముకునే వాళ్ల పిల్లలు, ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లు ఈ బడికి వచ్చేవారు. అందరూ కలిసి ముప్ఫై ఆరుగురు.

1981లో వానలు తగ్గాక, బడికి అరమైలు దూరంలో ఉన్న బీడులో వరసగా గుడిసెలు లేచాయి. అక్కడేవో పెద్ద ట్యాంకులు కడతారనీ, ముందు నేల చదును చేయాలనీ, ఆ మట్టిపని కోసం ఒక మేస్త్రీ గంజాం జిల్లా లోపలి ఊళ్ల నుంచి అరవై కుటుంబాలను లారీల్లో తెచ్చాడనీ చెప్పుకున్నారు. మల్కాపురం వాళ్లు ఆ గుడిసెల వరసకు లేబరు లైను అని పేరు పెట్టారు.

గంగాభవాని రోజూ ఆ దారినే బడికి నడిచేది. పదేళ్ల పిల్లలు తట్టలు మోస్తుంటే, అంతకన్నా చిన్నవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని మట్టికుప్పల మీద కూర్చునేవారు. వారం రోజులు చూసింది. ఒక మధ్యాహ్నం బడికి ఇంటర్వెల్ ఇచ్చి లైనులోకి వెళ్లి, పిల్లల్ని బడికి పంపమని ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు నవ్వారు, మళ్లీ పనిలో పడ్డారు. ఒకామె మాత్రం టీకాలు పొడవడానికి వచ్చిందనుకుని పిల్లవాణ్ని ఎత్తుకుని గుడిసెలోకి పరుగెత్తింది. తెలుగు ఒక్కరికీ రాదని గంగాభవానికి అప్పుడు అర్థమైంది.

బడి ఎదురుగా పైడితల్లి ఇడ్లీలు అమ్మేది. నలభై ఏళ్ల మనిషి, భర్త లేడు. గంగాభవాని తిరిగి వస్తూ జరిగింది చెబితే పొయ్యి మీంచి తల ఎత్తింది.

"మీరు తెలుగులో సెప్తే ఆల్లకేటి తెలుస్తాది పంతులమ్మగారూ? నన్నడగొచ్చు గదా. మాది ఇచ్చాపురం దగ్గర. సిన్నప్పట్నించీ ఒరియా మాటాడినదాన్నే నాను."

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లారు. పైడితల్లి ప్రతి గుడిసె ముందూ నిలబడి, ముందు వాళ్ల ఊరేదో అడిగి, తన ఊరు చెప్పి, ఆ తర్వాతే బడి మాట ఎత్తింది. సోమవారం ఏడుగురు పిల్లలు వచ్చారు. వాళ్లలో తులసా అనే తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. ఏడాదిన్నర తమ్ముణ్ని చంకనేసుకుని గుమ్మం బయటే ఆగిపోయింది. వాడు కూడా రావచ్చంటేనే తను వస్తుందట. తల్లి పనికి పోతే వాణ్ని చూసేవాళ్లు లేరు. గంగాభవాని ఒక మూల గోనెపట్టా పరిచి వాణ్ని అక్కడ కూర్చోబెట్టింది.

పైడితల్లి దగ్గర గంగాభవాని నాలుగు మాటలు నేర్చుకుంది. బస అంటే కూర్చో, ఆస అంటే రా, పాణి అంటే నీళ్లు. తక్కినదంతా తులసా చూసుకుంది. అక్షరాలు ఆ పిల్లకు ఎంత తొందరగా వచ్చాయంటే, దీపావళి నాటికి తెలుగులో తన పేరు రాసి, పక్కనే తమ్ముడి పేరు రాసి, తక్కిన పిల్లల చేత దిద్దించడం మొదలుపెట్టింది. పాఠంలో మాట తెలియకపోతే గంగాభవాని బొమ్మ గీసేది. తులసా ఆ బొమ్మను చూసి ఒరియాలో ఒక్క మాట అనేది. వెనక కూర్చున్న ఇరవై మంది 'ఓ' అనేవారు.

అవును, అప్పటికి ఇరవై మంది అయ్యారు. తర్వాత ముప్ఫై. గది చాలలేదు, వరండా చాలలేదు.

ఆ బడిలో వరహాలు పిల్లలిద్దరు చదివేవారు. అతను పోర్టులో కలాసీ, యూనియన్ మనిషి, గొంతు పెద్దది. ఒకరోజు పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చి, సగం మంది ఎండలో నిలబడి ఎక్కాలు చెప్పడం చూశాడు. ఆ తర్వాతి ఆదివారం తన గ్యాంగులో ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. సబ్బవరంలో అతని బావమరిది రెండు ఎడ్లబళ్ల తాటాకు పంపాడు. సరుగుడు వాసాలు ఎవరో ఇచ్చారు. బడి వెనక ఖాళీ స్థలంలో పాక లేవడం మొదలైంది. కబురు విని లేబరు లైను మగవాళ్లు కూడా పలుగూ పారా పట్టుకుని వచ్చారు. అందరికన్నా ముందు నడిచినవాడు తులసా తండ్రి దండాసి. నేల పని మాకు వదిలేయండని పైడితల్లి చేత చెప్పించాడు. పోర్టు వాళ్లు రెండు రోజులు పడుతుందనుకున్న పని వాళ్లు ఒక్క పూటలో తేల్చేశారు. మట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, అద్దంలా చదును చేశారు. వరహాలు వంగి ఆ నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. దండాసి భుజం తట్టి "బావా" అన్నాడు. ఆ మాటకు పైడితల్లి అర్థం చెప్పనవసరం లేకపోయింది.

పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న ఖాదర్, వరహాలుకు పాత స్నేహితుడు. అతని ద్వారా సంగతి తెలిసి భార్య ఖైరున్నీసా ఒక ఆదివారం బస్సెక్కి మూటతో దిగింది. దుకాణంలో మిగిలిన గుడ్డముక్కల్ని అతికి కుట్టిన గౌన్లు, చొక్కాలు అవి. పిల్లల్ని వరసగా నిలబెట్టి, టేపు పెట్టకుండా కంటితోనే కొలిచి ఎవరిది వాళ్లకు తొడిగింది. తులసాకు వచ్చిన గౌనుకు ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి ఆకుపచ్చ. సంక్రాంతి పండగ తర్వాత ఇంకో మూట తెస్తానని చెప్పి వెళ్లింది.

క్రిస్మస్ సెలవుల నాటికి బడిలో ఎనభై ముగ్గురు పిల్లలు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చి పాక చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన నెమ్మదైన మనిషి. ఎనభై మంది నిలకడగా వస్తే రెండో టీచరు పోస్టుకూ పక్కా గదికీ తాను రాసి పంపుతానని, ఫిబ్రవరి రెండో గురువారం వచ్చి తలలు స్వయంగా లెక్కపెడతానని చెప్పాడు. ఆ సాయంత్రం గంగాభవాని ఇంటికి వెళ్లి భర్త శ్రీరామ్మూర్తితో చాలాసేపు అదే మాట్లాడింది.

జనవరి నెలాఖర్లో మేస్త్రీ బడికి వచ్చాడు. చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. మాట మర్యాదగానే ఉంది. పెద్దపిల్లలు బడికి వస్తుంటే నీళ్లు మోసేవాళ్లు, తట్టలు అందించేవాళ్లు లేరనీ, తల్లులు పిల్లల్ని దిగబెట్టి ఆలస్యంగా వస్తున్నారనీ, పైవాళ్లు తనను అడుగుతున్నారనీ చెప్పాడు.

"మీరు మంచి పనే సేత్తన్నారమ్మా, కాదన్ను. కానీ నాను ఈల్లని తెచ్చింది పనికి గదా."

ఆ సమయానికి వరహాలు అక్కడే ఉన్నాడు. పసిపిల్లల చేత మట్టి మోయించడం తప్పనీ, అలా మోయించే మేస్త్రీల సంగతి యూనియన్‌కు చెబితే ఏమవుతుందో చూసుకొమ్మనీ గట్టిగా అన్నాడు. గంగాభవాని అడ్డుపడబోయింది. మేస్త్రీ మాత్రం ఎదురు చెప్పకుండా మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. వరహాలు అక్కడితో ఆగలేదు. ఆ ఆదివారం పైడితల్లిని వెంటబెట్టుకుని లైనులోకి పోయి, పిల్లల్ని పనికి పంపొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. అందరూ తలలూపారు.

ఇన్‌స్పెక్షన్ వారంలో సోమవారం పొద్దున గంగాభవాని బడి గేటు తీసేసరికి వరండాలో పలకలు కనిపించాయి. నలభైకి పైగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి, గాలికి పడకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టారు. పలకల మీద ఒక్క గీత లేదు, శుభ్రంగా తుడిచి ఉన్నాయి. పైడితల్లి పొయ్యి వదిలి రోడ్డు దాటి వచ్చింది.

"నిన్న మద్దినేల లారీలొచ్చినాయంట. నాను మా సెల్లెలింటికి గాజువాక పోనాను, లేను. బడి పలకలు గదా, పట్టుకుపోతే తప్పని ఒప్పజెప్పి పోనారు."

ఇద్దరూ లైనుకు వెళ్లారు. గుడిసెల పైకప్పులు లేవు, రాటలు లేవు. పొయ్యిరాళ్లు, బూడిద, అడుగు ఊడిన తట్ట ఒకటి, అంతే. మట్టిపని పూర్తయిపోయిందని కొందరన్నారు. పూర్తి కాలేదు, ఇంకా నెల పని ఉందని కొందరన్నారు. వేరేచోట అవసరం పడిందనీ అన్నారు. ఏది నిజమో ఎవరికీ తెలియలేదు. వరహాలు డ్యూటీ దిగి వచ్చి ఆ బీడులో గొంతుక్కూర్చున్నాడు.

"నా నోరే పంతులమ్మగారూ. నాను ఊరుకుంటే ఉందురేమో ఆల్లు."

కాదని చెప్పాలనుకుంది గంగాభవాని. కానీ అవునో కాదో ఆమెకూ తెలియదు.

గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి. చుట్టుపక్కల వీధుల పిల్లల్ని, పక్క బడి పిల్లల్ని ఆ ఒక్క రోజుకు తెచ్చి కూర్చోబెడదామని కొందరు అన్నారు. పైడితల్లి కూడా అదే మంచిదంది. గంగాభవాని ఒకరోజంతా ఆలోచించి వద్దంది. ఆ పేర్లకు వేరే పిల్లలు 'హాజర్' పలుకుతుంటే వినలేనని చెప్పింది. గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముప్ఫై ఆరుగురు ఉన్నారు. ఆయన పాకలోకి వెళ్లి ఆ ఖాళీ నేల మీద అటూ ఇటూ నడిచి, బయటికి వచ్చి మంచినీళ్లు అడిగాడు.

"ఉన్నవాళ్లనే రాయగలనమ్మా నేను," అన్నాడు గ్లాసు తిరిగి ఇస్తూ.

పోస్టు రాలేదు, గదీ రాలేదు. ఆ సంగతి ఉత్తర్వుగా తెలియడానికి ఆరు నెలలు పట్టింది గానీ, ఆ రోజే అందరికీ తెలిసిపోయింది.

ఆ శనివారం వరహాలు బావమరిది నుంచి కబురొచ్చింది. సబ్బవరం దాటాక ఒక రాతి క్వారీలో ఒరియా వాళ్లు కొత్తగా దిగారట. ఆదివారం గంగాభవాని, పైడితల్లి, వరహాలు బస్సెక్కారు. దిగి రెండు మైళ్లు నడిచారు. కొండను ఒక పక్క తొలిచేశారు. ఆదివారమైనా పని నడుస్తోంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తులతో రాయి కొడుతున్నారు. పిల్లలు కొట్టిన కంకరను తట్టల్లో ఎత్తి లారీ దగ్గర పోస్తున్నారు. గంగాభవాని ఒక్కొక్క ముఖాన్నీ గుర్తుపట్టింది. వాళ్లూ గుర్తుపట్టారు. ఒకడు తట్ట దించి 'నమస్తే టీచర్' అన్నాడు, బళ్లో నేర్పినట్టే. తులసా తల మీద తట్టతో నిలబడిపోయింది. దించాలో, పోసి రావాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, పోసి వచ్చింది. ఒళ్లంతా తెల్లటి దుమ్ము. గౌను చేతుల రంగులు కూడా తెలియడం లేదు. ఆమె తమ్ముడు తల్లి పక్కన గుడ్డ మీద పడుకుని దగ్గుతున్నాడు.

దండాసి కూర్చోమని రాయి తుడిచాడు. పైడితల్లి మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. వెనక్కి రమ్మని గంగాభవాని అడిగింది. తప్పకుండా పని చూపిస్తానని వరహాలు అన్నాడు. దండాసి అతని వంక జాలిగా చూశాడు. ఊరు దాటేముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు డబ్బుకు చెయ్యి చాపామని, ఏడాది నిండేదాకా అతను ఎక్కడికంటే అక్కడికి వెళ్లాల్సిందేనని చెప్పాడు. ఒకవేళ వచ్చినా అరవై కుటుంబాలకు మల్కాపురంలో పని ఎక్కడుంది అని అడిగాడు.

అప్పటిదాకా రాయి కొడుతూనే ఉన్న తులసా తల్లి సుత్తి పక్కన పెట్టింది. నేరుగా గంగాభవాని ముఖంలోకి చూస్తూ ఒరియాలో ఏదో అంది.

"ఏమంటోంది?" అంది గంగాభవాని.

"తులసాని మీ ఇంట్లో ఉంచుకుంటారా అని అడుగుతన్నాది. ఇంటి పని సేత్తాదంట, తిండి ఎంత పెడితే అంతే తింటాదంట. బడికి పంపితే సాలంట."

గంగాభవాని ఇల్లు రెండు గదులు. భర్త, ఇద్దరు పిల్లలు, నడుం పట్టేసి మంచం మీదే ఎక్కువసేపు ఉండే అత్త మంగాయమ్మ. ఆ క్షణంలో ఇవన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి. సరేనంటే ఇంట్లో ఏమంటారోనన్న భయం, కాదంటే ఆ తల్లి కళ్లలోకి చూడలేనన్న బాధ.

"ఇంట్లో అడిగి వచ్చే ఆదివారం వస్తానని చెప్పు. తప్పకుండా వస్తాను."

పైడితల్లి చెప్పింది. తల్లి తలూపి మళ్లీ సుత్తి అందుకుంది. తులసా తల్లినీ టీచర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత వెళ్లి తమ్ముడి ముఖం మీద ముసిరిన ఈగల్ని తోలుతూ కూర్చుంది.

ఇంట్లో మాట తేలడానికి మూడు రోజులు పట్టింది. శ్రీరామ్మూర్తి చెడ్డవాడు కాడు. పరాయి పిల్లను తెచ్చుకున్నాక జ్వరమొచ్చినా, ఏమైనా జరిగినా ఎవరికి కబురు చేయాలి, ఎక్కడికి చేయాలి అని అడిగాడు. మంగాయమ్మ ఇంకో మాట అంది, ఏ కులం పిల్లో, వంటింట్లోకి ఎలా రానిస్తామని. గంగాభవాని వాదించలేదు. రాతి క్వారీలో తాను చూసినదంతా ఒకసారి చెప్పి ఊరుకుంది. బుధవారం మధ్యాహ్నం అత్త తనంతట తానే పిలిచింది.

"తీసుకొచ్చేయి ఆ పిల్లని. నా మంచం పక్కన పడుకుంటాది. నాకూ మంచినీల్లు అందించడానికి ఒకరు గావాల గదా."

గురువారం గంగాభవాని బడి నుంచి పోస్టాఫీసుకు పరుగులాంటి నడకతో వెళ్లి, సబ్బవరంలో వరహాలు బావమరిదికి కార్డు రాసింది. ఆదివారం వస్తున్నామని, ముందుగా క్వారీలో చెప్పి ఉంచమని. శనివారం ఖైరున్నీసా పండగ తర్వాత తెస్తానన్న మూట తెచ్చింది. జరిగిందేదీ ఆమెకు తెలియదు. అంతా విని వరండాలో కూలబడింది. మూట విప్పి, పెద్ద సైజు గౌను ఒకటి వెతికి తీసి గంగాభవాని చేతిలో పెట్టి, ఒక్క పిల్లయినా వస్తోంది కదా టీచరమ్మా అంది.

ఆదివారం మొదటి బస్సుకు గంగాభవాని, పైడితల్లి బయల్దేరారు. వరహాలు రాలేదు, మళ్లీ తన ముఖం వాళ్లకు చూపలేనన్నాడు. బస్టాపులోనే అతని బావమరిది ఎదురుచూస్తూ కనిపించాడు. అతను ఏదో చెప్పబోయి, మీరే చూద్దురుగాని రండని ముందు నడిచాడు.

క్వారీలో ఉన్నది ఒక వాచ్‌మన్, రెండు కుక్కలు. లారీలు శుక్రవారం వచ్చాయట. ఎక్కడికి పోయాయంటే కోరాపుట్టు వైపు అన్నాడు వాచ్‌మన్. టీకొట్టు వాడు కాదు, రాయపూర్ దగ్గర రైలు పని అని విన్నానన్నాడు. మేస్త్రీ పేరు అడిగితే, మేస్త్రీ అనే పిలిచేవాళ్లమన్నారు ఇద్దరూ. గంగాభవాని కార్డు శనివారం గానీ అందలేదని బావమరిది చెప్పాడు, తప్పు తనదే అన్నట్టు. ఆ తల్లి ఏమైనా చెప్పి పోయిందా అని పైడితల్లి వాచ్‌మన్‌ను అడిగింది. అతనికి ఒరియా రాదు. ఒకామె లారీ ఎక్కకుండా రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడిందని, మేస్త్రీ కేకలేస్తే ఎక్కిందని మాత్రం చెప్పాడు. ఆమె ఎవరో, తులసా తల్లేనో, ఇంకెవరో.

తిరుగు బస్సులో పైడితల్లి ఊరి పేర్లు గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంది. గుడిసెలన్నీ తిరిగినప్పుడు ప్రతివాళ్లనూ మీ ఊరేది అని అడిగింది కదా. దండాసి ఊరి పేరు రెండు రకాలుగా గుర్తొచ్చింది. రెండు ఊళ్లకూ కార్డులు రాద్దామంది. చదివేవాళ్లు ఉంటారా అని గంగాభవాని అడిగింది. అయినా తర్వాత రాశారు కూడా, రెండు ఊళ్లకూ. రెండు కార్డులకూ జవాబు రాలేదు.

గంగాభవాని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మంగాయమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి, వీధిగుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. మంచం పక్కన చాప పరిచి ఉంది, దాని మీద మడత పెట్టిన దుప్పటి. కోడలు ఒక్కతే లోపలికి రావడం చూసి ఆమె వెనక్కి వీధిలోకి తొంగి చూసింది.

"పిల్లేదే?"

గంగాభవాని సంచిలోంచి గౌను తీసి చాప మీద పెట్టి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. వచ్చాక చెప్పింది. శుక్రవారమే వెళ్లిపోయారని, ఎటు వెళ్లారో తెలియదని.

"ఎతకలేమేటి?" అంది మంగాయమ్మ.

"ఎక్కడని అత్తయ్యా?"

ముసలామె కోడలు చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. ఇద్దరూ నెమ్మదిగా, చాప తొక్కకుండా పక్కగా అడుగులేసుకుంటూ మంచం దగ్గరికి నడిచారు.